మూడు గీతల గుడ్డు

"అమ్మమ్మా, కోడిగుడ్డుల గుండె కొట్టుకునుడు నిజంగ సూసినవా?"

సూసుడు గాదు బిడ్డా, సూపెట్టిన. నువ్వు సదివే డాక్టరీ సదువు పిల్లలకే సూపెట్టిన. అప్పుడు నిజాం సర్కారు నడుస్తుండె. దబీర్‌పురల మా వాకిట్ల పదకొండు కోళ్లు... కాదు, పన్నెండు, ఆ కుంటిది గూడ ఉండె. డాక్టరీ కాలేజీకి పొదిగిన గుడ్లు నేనే ఇస్తుంటి. నాకు రాత రాదు. కోడి కింద ఒక దినముంటే గుడ్డు మీద బొగ్గుతోని ఒక గీత, మూడు దినాలుంటే మూడు. ఒక్కనాడు గీత తప్పలే.

ఒకపారి చిన్న డాక్టర్ సాబు, కొత్తగొచ్చినాయన, నన్ను క్లాసులకు పిలిపిచ్చిండు. "ఏందమ్మా, బజార్ల గుడ్లకు గీతలు గీసి తెస్తున్నవా? ఒక్కదాంట్ల గూడ గుండె లేదు" అన్నడు. అందరి ముంగట. మా వాడకట్టుల నా మాటంటే మాటే, గసొంటి నన్ను. ఆ కాలేజీ పెద్ద సారేమో ఇగ గుడ్లు వేరేతాన తెద్దామనె.

"సాబ్, ఎట్ల కొట్టిన్రో నా ముంగట కొట్టుండ్రి" అన్న. ఆమ్లెటుకు కొట్టినట్టు గిన్నె అంచుకు టప్పుమని కొట్టిండు. సొనంత చెదిరిపాయె. గట్లయితే గుండె ఏడ దొరుకుతది, నువ్వే చెప్పు.

ఇంకో మూడు గీతల గుడ్డు తీస్కొని దూది మీద అడ్డంగ పండవెట్టిన. ఆగిన. జర ఆగితే లోపలి పిల్ల మీదికి తిరుగుతది, కోళ్లతోని బతికినదాన్ని, నాకెర్క. "ఏం సూస్తున్నవ్, తియ్" అంటడాయన. ఇగ పైపెంకు రూపాయి బిళ్లంత ఒలిసిన. ఎర్రగ, ఆవగింజంత, టుక్కు టుక్కుమంట. పిల్లలందరు బెంచీలెక్కిన్రు.

పెద్ద సారు నన్ను కుర్సీల కూసోవెట్టి చెప్పిండు. గుండె మొదలు ఉత్త గొట్టమేనట. ఒంపు తిరుగుతదట, అటెన్క నడుమ గోడలు లేస్తయట. చేపకు రెండర్రలు, కప్పకు మూడు, కోడికి నాలుగు, మనకూ నాలుగే. రెండు నాలుగయ్యేటందుకు లోకానికి లెక్కలేనన్ని ఏండ్లు పట్టిందట. నా కోడి కింద వారం పది దినాలు.

చిన్న సాబు మాత్రం మాఫీ అడగలే. మస్తు ఏండ్లకు నాకు ఛాతిల నొప్పొస్తే ఆయన తానికే తీస్కపోయిన్రు. ఆయన తలంత నెరిసింది. చెవులల్ల గొట్టం వెట్టుకొని వంగిండు. "పండవెట్టి, జర ఆగి సూడు సాబ్" అన్న. గుర్తువట్టి నవ్విండు. అప్పుడన్న అడగొద్దా? అడగలే. ఇప్పుడాయన లేడు, అయినా నేను మరువలే.

రేపు గుడ్డు తెరిచే పరీక్షంటివి గద. గాబరా పడకు, పండవెట్టి ఆగు. ఎవలేమన్నా ఆగు. నీ చేతులు గిట్ల ఇయ్యి... ఎంత సల్లగున్నయే, గీ చేతులతోని ముట్టకు, లోపలి పిల్ల తట్టుకోదు. రుద్దుతా ఆగు. పెద్ద డాక్టరమ్మవైతవ్ బిడ్డా... ఇంకో చెయ్యి గూడ ఇయ్యి...