కాయితం తెలుపు

ప్రసన్న చేతిలో తడి కుంచెతోనే తలుపు తీసింది. పెద్ద కొడప్‌గల్ నుంచి ఆటోలో దిగిన ఆడబిడ్డ గంగామణి అప్పటికే వాకిట్లో కూలబడి శోకాలు పెడుతోంది.

“నేనొచ్చేదాక గూడ ఆగకపోతివి గదనే అమ్మా! ఒక్కసారి కండ్లు తెరిసి నన్ను చూడకపోతివి గదనే!”

“వదినా... వదినా, జర ఆగు. నా మాట ఇను.”

“ఇంక ఏం ఇనాలె ప్రసన్నా! ఆఖరుకు నా పేరన్న తీసిందా?”

“తీసింది.”

“అయ్యో అమ్మా!”

“ఇప్పుడే తీసింది వదినా. ‘గంగామణి గొంతు లెక్కున్నది, చాయల ఇంకో గ్లాసు నీళ్లు పొయ్యి’ అన్నది.”

“ఏందీ?”

“ఎవరే ప్రసన్నా, గంగనేనా? లోపలికి రమ్మను. నడి ఎండల వాకిట్ల కూసొని గా ఏడుపేంది?”

“అమ్మా! నువ్వు... నువ్వు బతికే ఉన్నవా?”

“పొద్దటిసంది ఉన్న. ఎందుకు, ఉండొద్దా?”

“ఎదురింటి పోసవ్వత్త ఫోన్ చేసింది గదనే! ‘సత్యమ్మ పోయింది బిడ్డా, వాకిట్ల కుర్చీల ఫోటో పెట్టిండ్రు, పూలు పెట్టిండ్రు, ఊదుబత్తులు ముట్టిచ్చిండ్రు, తలుపులు దగ్గరికేసి లోపల ఏడుస్తుండ్రు’ అని!”

“ఫోటో కాదు వదినా. బొమ్మ. నీళ్ల రంగులతోని గీసింది. ఆరాలని ఎండకు కుర్చీల పెట్టినం.”

“ఊదుబత్తులు?”

“తడి రంగు మీద ఈగలు వాలుతున్నయి. పొగకు రావని.”

“మరి బంతిపూలు?”

“గవి రేపటి బొమ్మకు. ముందల పెట్టుకొని చూసుకుంట గియ్యాలె గద.”

“లోపల ఏడుస్తుండ్రన్నది!”

“అప్పుడు ఉల్లిగడ్డ కోస్తుంటి వదినా.”

“మీ ఇంట్ల ఎవలకన్న తలకాయ ఉన్నదా! మా ఇంటాయన ఊరందరికి ఫోన్లు కొట్టిండు. నీకు చేస్తే ఎత్తవు, తమ్మునికి చేస్తే ఎత్తడు.”

“నాది చార్జింగుకు పెట్టిన. ఆయన మిల్లుల ఉన్నడు, గా చప్పుడుకు ఇనవడదు.”

“అరిసింది చాలు గంగా, ఇగ కూసో. చాయ తాగు. అగో, అటు కాదు, గా చాపకు పక్కన. చాప మీద కాయితాలున్నయ్, తొక్కుతవ్.”

“ఇల్లా ఇది, బడా? గోడ నిండ గీ కాయితాలేందమ్మా?”

“గది బెండకాయ. గది మన కాలువ. గా ఎర్రది ట్రాక్టర్, నీ తమ్ముడు ఆయితారం గీసిండు. బర్రె లెక్కొచ్చింది గాని వానికి చెప్పకు, మనసు చిన్నగ చేసుకుంటడు.”

“సాయిగాడు గూడనా!”

“పిల్లలకు బడిల రంగుల డబ్బ కొనుమన్నరు వదినా. వాళ్లు రెండు రోజులకే పక్కకు పారేసిండ్రు. మేం పట్టుకున్నం. అన్నం తిన్నంక ఓ గంట.”

“గంటనా? టీవీ చూసి పండుకునే యాళ్లకు గీ పనులేంది! సరే మీ ఇష్టం, బెండకాయ గీసుకోండ్రి, బీరకాయ గీసుకోండ్రి. బతికున్న మనిషి బొమ్మెందుకు గీసినట్టు? దాన్నేం చేస్తరు?”

“ఆరినంక గోడకేస్తం. దర్వాజకు ఎదురుంగ.”

“అమ్మా! చచ్చినోళ్లే గోడకెక్కుతరే!”

“చచ్చినంక ఎక్కితే నాకేం కనవడ్తది?”

“నవ్వులాట గాదు. ఎవరు గీసిండ్రు దీన్ని?”

“చాయ చల్లారుతున్నది వదినా.”

“ఎవరు గీసిండ్రంటే చాయంటవేంది? ఎవరు?”

“నేనే వదినా.”

“అనుకున్న. డిగ్రీ చదివినదని మా తమ్ముడు మురిసిపోయె. సదువు గిందుకేనా? అత్త ఎప్పుడు పోతదా అని ముందే బొమ్మ తయారు చేసి పెట్టుకున్నవా?”

“గట్ల అనకు వదినా.”

“అంట! ఇంకా అంట! గీసేదానివి మంచిగన్న గీయకపోతివి. చెంపకు గా తెల్లమచ్చ ఎందుకు పెట్టినవ్? ఎవలకు కనవడాలని? రోడ్డు మీదికి మొఖం పెట్టి కుర్చీల కూసోబెట్టిండ్రు!”

“అత్తమ్మకు ఉన్నది గద వదినా.”

“ఉన్నయన్ని గీస్తరా? బొమ్మనే గద, చేతిల పని. మచ్చ లేకుంట గీస్తే నీ సొమ్మేం పోయె? ఆగు, ఫోన్ వస్తుంది... హలో... ఆ, చేరిన. ఏం లేదు, అమ్మ మంచిగున్నది... అవును, బతికే ఉన్నది, పోసవ్వత్త ఆగం చేసింది... నవ్వకుండ్రి! అందరు వెనుకకు మర్రిపోండ్రి... ఎవరూ? ఆమెందుకొస్తుంది? జీపులనా? వద్దని చెప్పుండ్రి... ఏమన్నది?... అయ్యో దేవుడా.”

“ఎవలు గంగా?”

“సింధుజకు కాబోయే అత్త. డోంగ్లి నుంచి వస్తుంది. ‘ఇంత దూరం వచ్చినంక పానంతోని ఉన్న మనిషిని చూడకుంట పోతమా’ అన్నదట. బస్టాండు దాటిండ్రట.”

“మంచిదే గద. నా మనుమరాలి అత్తను నేను చూడనే లేదు. పెండ్లి ఖాయం చేసుకున్న పూలు పండ్లు నాడు నన్ను పిలువకపోతివి.”

“నీకు మోకాళ్ల నొప్పులుండె గదనే.”

“ఎవరికి? నాకా?”

“వాళ్లకు గట్ల చెప్పిన.”

“నా మోకాళ్లు నిన్ననే బజారంత తిరిగొచ్చినయ్.”

“అమ్మా, నీకు దండం పెడ్త. నువ్వు లోపలి అర్రల పండుకో. కొంగు నిండ కప్పుకో. జరమొచ్చిందని చెప్త. ప్రసన్నా, నువ్వు బొమ్మను బీరువ వెనుకకెయ్యి.”

“మల్ల ఇప్పుడే ఓ పూతేసినం, తడి ఉన్నది వదినా. బీరువకు రాసుకుంటే రంగు చెదురుతది. వాళ్లు వచ్చిపోయేదాక గా కుర్చీలనే...”

“అయితే గా చెంపకు రంగు పూయి! ఎంత సేపు పడ్తది?”

“రెండు నిమిషాలు.”

“పూయి మరి, చూస్తవేంది? కుంచె చేతిలనే ఉండె.”

“నాతోని కాదు వదినా.”

“నువ్వు గీసిందే గద! నీకు సింధుజ ఏం కాదా? పూలు పండ్లు అయి పది రోజులు గాలె. అమ్మమ్మకు తెల్లమచ్చ అని తెలిస్తే రేపు పిల్లకొస్తదంటరు, దాని పిల్లలకొస్తదంటరు. పెండ్లి ఆగుతది. అప్పుడు నువ్వొస్తవా సర్దిచెప్ప? రెండు నిమిషాల పని నీతోని కాదా? ఇగ నీ పిల్లల మీద ఒట్టు పెట్టు. మల్ల గీ కుంచె ముట్టనని ఒట్టు పెట్టు!”

“ఒట్టు... సరే వదినా. నీకు గట్లనే...”

“ప్రసన్నా! పిల్లల మీద ఒట్టు పెట్టకు. దాన్నెందుకే అంటవ్ గంగా? గది అది గీయలే. నేను గీసిన.”

“నువ్వా?”

“అత్తమ్మా, నేను చెప్పుకుంటుంటి గద.”

“నువ్వు నా కోసం మాటలు పడుడు బంద్ చెయ్యి. అవును, నేనే గీసిన. అద్దం ముందల పెట్టుకొని ఆరు రోజులు.”

“నీకు సంతకమే రాదు గదనే అమ్మా!”

“రాదు. అందుకే గా బొమ్మ మూలకు చూడు. బొటనవేలు. నీలం రంగుల ముంచి పెట్టిన. బ్యాంకుల ఇన్నేండ్లు నల్లగనే పడ్డది. ఒక్కపారి నీలం పడనియ్యి అనుకున్న.”

“మరి గా మచ్చ... నువ్వే గీసుకున్నవా? నీ చేతులతోని?”

“మొదటి బొమ్మల గీయలే. చెంపకు అంత ఒక్కటే రంగు పూసిన. మొఖం మంచిగనే కుదిరింది గాని ఎవరో మా ఇంటికొచ్చిన సుట్టం లెక్కున్నది. చింపేసిన. రెండోదాంట్ల తెల్లరంగు పెట్టిన. గోడకు సున్నం కొట్టినట్టయింది. గప్పుడు ప్రసన్న చెప్పింది. చెప్పవే.”

“నీళ్ల రంగులల్ల తెలుపు పూసేది కాదు వదినా. కాయితాన్ని అట్లనే ఇడిసిపెట్టాలె. కాయితం తెలుపే తెలుపు.”

“గంతే. ముందుగాల ఉత్త నీళ్లు పూసి, గా తడికి రంగు ముట్టిస్తే దానంతటదే పారుతది. కాలువ ఇడిస్తే మడి ఎట్ల తాగుతది, గట్ల. చూస్తుంటే పానం లేసొస్తది గంగా. ఇగ చెంప కాడికొచ్చేవరకు రంగు లోపలికి ఉరుకుత అంటది. నేను రానియ్య. ఒడ్డు పెట్టినట్టు చుట్టు కాపాడుకుంట కూసున్న, చాయ గూడ తాగలే. గీ మచ్చను దాసుడే తెలుసు నాకు. కాపాడుడు గిదే మొదలు.”

“నువ్వేమన్న చెప్పు అమ్మా, గిప్పుడు గీ బొమ్మ...”

“నీ పెండ్లి ఆల్బం ఉన్నదా?”

“గదెందుకిప్పుడు?”

“ఉన్నదా లేదా?”

“ఉన్నది.”

“అండ్ల నేనేడున్న?”

“గా ఫోటో తీసేటాయన సరిగ...”

“ఫోటో తీసేటాయనకేం పనే? ఆయన ‘పెండ్లిపిల్ల అమ్మ ఏది’ అని మూడుసార్లు పిలిచిండు. నేను వంటలకాడ గంజుల వెనుక కూసున్న. ఎందుకు కూసున్న?”

“అప్పుడు నాకు పందొమ్మిదేండ్లు అమ్మా.”

“తప్పు పడ్తలేను బిడ్డా. ‘జర లోపలుండే అమ్మా’ అన్నవ్, ఉన్న. నీ బతుకు మంచిగుండాలని ఉన్న. ముప్పై ఏండ్లు అద్దంల పాపిట కాడికే చూసుకున్న, కిందికి చూసుకోలే. గిప్పుడు చూసుకున్న. గీసుకున్న. నాకు నచ్చింది. ఇగ లోపలుండ.”

“పెండ్లి ఆగితే?”

“మచ్చకు భయపడేటోళ్లయితే ఆగనియ్యి. పెండ్లయినంక తెలిసి పిల్లను రోజుకో మాట అంటే గప్పుడు ఏ బీరువ వెనుకకు తోస్తవ్? సింధుజకు చెప్పినవా, అమ్మమ్మను దాసినమని?”

“అది అడిగింది. ‘అమ్మమ్మ లేనిది నాకు పూలు పండ్లేంది’ అని ఏడ్సింది.”

“మరి?”

“నేనే కొట్టినంత పని చేసిన.”

“వదినా, జీపు. గల్లీలకు మళ్లింది.”

“అమ్మా, నీ కాళ్లు మొక్కుత...”

“మొక్కకు. గిగో, కుంచె గీడ పెట్టిన. గోధుమ రంగు గా మూతల కలిపున్నది. నీళ్లు ఉన్నయి. రెండు నిమిషాల పనే, ప్రసన్న చెప్పింది గద. పూస్తవో, ఉంచుతవో, నీ ఇష్టం. నేను చేతులు కడుక్కొని చీర మార్చుకుంట. లోపల పండుకోవాల్నో, బయటికి రావాల్నో నువ్వే పిలిచి చెప్పు.”

“అత్తమ్మా, ఆగుండ్రి...”

“నువ్వు ఆడనే ఉండు ప్రసన్నా. దాని చేతిల కుంచె పెట్టకు, గుంజుకోకు.”

సత్యమ్మ లోపలికి వెళ్లింది. గంగామణి కుంచె తీసుకుని వాకిట్లో బొమ్మ దగ్గరికి వెళ్లింది. ప్రసన్న గడప దగ్గరే నిలబడింది.

“ప్రసన్నా, ఎంత మందం ముంచాలె?”

“కొసకు జర ముట్టిస్తే చాలు వదినా. తడికి అదే పారుతది.”

“పారినంక మల్ల తీయరాదా?”

“రాదు. కాయితం ఒక్కసారి తాగినంక తెలుపు మల్ల రాదు.”

“ఓ వదినా! గంగామణి వదినా! అరే దేవా, గిట్ల భయపెడ్తరా మనుషులను? డోంగ్లి నుంచి ఏడ్సుకుంట వచ్చిన, సగం తొవ్వల నవ్వుకుంట వచ్చిన! ఏరి మీ అమ్మ?”

“రాండ్రి వదినా. కూసోండ్రి. గీమె ప్రసన్న, మా తమ్ముని భార్య.”

“దండాలు అక్కా. నీళ్లు తెస్తనుండ్రి.”

“నీళ్లు తర్వాత గాని, గీ బొమ్మనేనా మమ్మలను ఉరికిచ్చింది? జరుగుండ్రి, చూడనియ్యుండ్రి. అబ్బ! కండ్లు చూడు, మనిషి మాట్లాడినట్టే ఉన్నది. వదినా, కుంచె మీ చేతిలనే ఉన్నది. మీరే గీస్తుండ్రా?”

“లేదు. మా అమ్మ గీసింది.”

“ఈ వయసులనా! భలే మనిషి. అగో, ఇంకా కాలేనట్టున్నది గదా? చెంప కాడ రంగెయ్యకుంట ఇడిసిపెట్టిండ్రు. పాపం, మా రాకకు నడుమల ఆపిండ్రా ఏంది?”

“అక్కా, చాయ...”

“నువ్వాగు ప్రసన్నా. ఆపలేదు వదినా, బొమ్మ అయిపోయింది. మా అమ్మ చెంప గట్లనే ఉంటది. అమ్మా! బయటికి రాయే, సింధుజ అత్త వచ్చింది. కొంగు కప్పుకోకు.”