చివరి కాగితం

"అద్దాలమ్మ, అరవై మూడేళ్లు, ఏ పుస్తకమైనా చివరి పేజీ నుంచి తెరుస్తుంది." నా గురించి ఇంతేనా మరిదీ? మీ అన్నయ్య మీద రెండు వందల పేజీలు రాశావు. అందులో వదినకి దక్కింది ఒక్క వాక్యం. అదీ జనం నవ్వుకోవడానికి.

కూర్చో. నా సంతకమేగా నీకు కావాలి? ముందు విను.

చివరి నుంచి ఎందుకు తెరుస్తానో ఎప్పుడైనా అడిగావా? ఈ పాత సైన్స్ ఫిక్షన్ పేపర్‌బ్యాకులు ఒట్టి అబద్ధాలకోరులు. మూడోసారి అచ్చు వేసినా లోపల "మొదటి ముద్రణ" అన్న లైను తీసే ఓపిక ఉండదు ప్రచురణకర్తలకి. వెనకాల ప్రకటనల పేజీ మాత్రం కొత్తది వేస్తారు. సరుకు అమ్ముకోవాలి కదా! ఆ జాబితాలో, తర్వాతెప్పుడో వచ్చిన నవల పేరు ఒక్కటి కనపడిందా, ఇక దాని బండారం బయటపడ్డట్టే.

ఇది కనిపెట్టింది నేను. వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని, ఒక్కో జాబితా చూసుకుంటూ, ఏళ్ల తరబడి. నీ పుస్తకంలో దాని పేరేమిటి? "అన్నయ్య పద్ధతి." బాగుంది. మరి నేను దుమ్ము దులిపాను, అట్టలకి తొడుగులు వేశాను. అంతేగా?

ఆయన పోయాక, ఇప్పుడు లైబ్రరీలో ఆయన పేరు మీద ఒక గది. మధ్యలో అద్దాల పెట్టె. అందులో ఆయన ప్రాణంగా చూసుకున్న ఆ అంగారకుడి నవల. "మొదటి ముద్రణ" అని, దాని పక్కన పెట్టడానికి నువ్వు తెచ్చిన ఈ కార్డు. కార్డు కింద భార్యగా నా సంతకం పడాలి.

అది మొదటి ముద్రణ కాదయ్యా.

అలా చూడకు. ఆయన కొనుక్కొచ్చిన రోజే వెనక నుంచి తెరిచాను. జాబితాలో ఐదో నవల మా అమ్మాయి పుట్టినప్పుడు వచ్చింది. ఆసుపత్రి మంచం మీద చదివాను, ఇంకా అచ్చు వాసన పోలేదు. ఈ పుస్తకం మీదేమో అంతకు నాలుగేళ్ల ముందు తేదీ. చెప్పాను. ఏమన్నాడో తెలుసా?

"నీకు బొమ్మలు చూడటం వచ్చు. ఇందులో తల దూర్చకు."

రెండు రోజులు నాతో మాటల్లేవు. మూడో రోజు ఆయన తోటి పుస్తకాల పిచ్చివాళ్లంతా దాన్ని చూడటానికి ఇంటికొస్తున్నారు. ఒక్కడు వెనక్కి తిప్పినా పోయేది ఆయన పరువు. వణికింది మాత్రం నేను. వాళ్లు రాకముందే బ్లేడు తీసుకుని ఆ కాగితాన్ని మొదలంటా కోసేశాను.

ఎవరికీ తెలియలేదు. ఆయనకి తెలిసింది. కిక్కురుమనలేదు. పైగా అందరి ముందూ, "మా ఆవిడకి ఏ పుస్తకమైనా చివరి పేజీ నుంచే" అని నవ్వించాడు.

ఆ ఎగతాళినే నువ్వు అచ్చు వేయించావు.

ఇరవై రెండేళ్లు మీ అన్నయ్య అబద్ధానికి కాపలా కాశాను. ఆయన నా నోరు మూయించాడని చెప్పుకోవడం తేలిక. బ్లేడు పట్టిన చెయ్యి నాదే.

ఆ కార్డు జేబులో పెట్టుకో, ఇక దాంతో పనిలేదు. పొద్దున్నే లైబ్రరీకి వెళ్లొచ్చాను. అక్కడి అమ్మాయి పెట్టె తాళం తీసింది. ఇన్నేళ్లూ దాచిన ఆ కోసిన కాగితం పుస్తకం పక్కన పెట్టి, "మొదటి ముద్రణ కాదు. కనిపెట్టింది నేనే, కోసింది నేనే" అని రాసి, కింద సంతకం పెట్టాను.