వెదురు గడల దారి

వరదకు ఏలూరు రోడ్డు తెగి లారీలు ఆగిపోయాయి. లంకలకు పడవ మీద బియ్యం పంపిస్తున్న గుమాస్తా కోదండరామయ్య, ఆలస్యం ఎందుకవుతోందో చూడటానికి చిన్న దోనె మాట్లాడుకుని, కొల్లేటి మధ్యలో గంగారత్నం ఒక్కతే ఉండే దిబ్బ మీద దిగాడు.

“కూర్చోండి బాబూ, చాప వేశాను. మజ్జిగ పుచ్చుకుంటారా?”

“మజ్జిగ కోసం రాలేదమ్మా. తెల్లవారుజామున బయలుదేరిన పడవ సాయంత్రానికి ఆవలి లంక చేరాలి. మర్నాడు మధ్యాహ్నానికి గాని చేరడం లేదు. ఎందుకంటావు?”

“నీళ్ళు కదండీ. రోడ్డులా ఉంటాయా?”

“పడవ నడిపే సత్తియ్య ఇక్కడ ఆపుతున్నాడా?”

“ఎవరూ, సత్తియ్యా?”

“సత్తియ్యే.”

“ఆపుతాడండి. చుట్ట ముట్టించుకుంటాడు, ఇంత అన్నం తింటాడు. ఎంతసేపండీ, గంట.”

“గంటేనా?”

“గంటేనండి. మీరూ ఓ ముద్ద తినండి. కొర్రమీను పులుసు...”

“నేను చేపలు తినను.”

“అయితే పప్పు పడేస్తానండి. ఎంతలో ఉడుకుతుంది...”

“అమ్మా, నా మాట విను. గండి పూడ్చేసరికి ఇంకో నెల పడుతుంది. అందాకా బియ్యం పడవ మీదే వెళ్ళాలి. ఆవలి లంకలో పిల్లలు జావ తాగి పడుకుంటున్నారు. రేపటి నుంచి సత్తియ్యని తీసేసి ఇంకో పడవ పెడతాను. ఈ బద్ధకస్తుడితో వేగలేను.”

“తీసెయ్యకండి.”

“ఎందుకు తియ్యకూడదు?”

“అతని తప్పు కాదండి. పిల్లలు జావ తాగి పడుకుంటున్నారా? నాకు తెలీదండి. ఒట్టు, తెలీదు.”

“నీకెలా తెలుస్తుంది? నువ్వేం చేశావని?”

“వరద తగ్గాక లోతు ఎక్కడుందో తెలియడానికి వెదురు గడలు పాతారు కదండీ...”

“నేనే పాతించాను. వాటి వెంబడే పడవ నడపమన్నాను.”

“లోతు తూర్పు వైపుందండి. గడలు పీకి ఇటు పాతింది నేను.”

“నువ్వా?”

“మా ఆయన పోయి ఏడాదైందండి. చేపల పడవలు కూడా ఇటు రావడం మానేశాయి. పొయ్యితో మాట్లాడుకునేదాన్నండి. బియ్యం పడవ వెళ్తోందంటే, ఇటుగా వెళ్తే ఓ మనిషి మాట వినపడుతుందని... రేపు పొద్దున్నే తీసి అటు పాతేస్తానండి.”

“రేపు కాదు, ఇప్పుడే. పద, నేనూ వస్తాను. అయినా సత్తియ్య చిన్నప్పటి నుంచీ కొల్లేట్లో పడవ నడుపుతున్నాడే. లోతు ఎటుందో వాడికి తెలీలేదా?”

“మొదటి రోజే తెలిసిందండి. నన్నొక్క మాట అనకుండా, మెరకలో దిగి పడవ తోసుకుంటూ వస్తున్నాడు.”