తన చెయ్యి తప్పని చెప్పిన మేస్త్రిగారు

1991 జూన్ 12, బుధవారం ఉదయం ఎనిమిది గంటలకు, పిఠాపురం వాస్తవ్యులు, ఇరవై నాలుగేళ్ల శ్రీ కుక్కుటేశ్వరరావు గారు మండపేటలోని మన ఉప్పుడు బియ్యం మిల్లులో సహాయ ఫిట్టరుగా బాధ్యతలు స్వీకరించారు. బాధ్యతలని మర్యాదకు అంటున్నాం గానీ, ఆనాడు వారి చేతికిచ్చింది ఒక గ్రీజు డబ్బా, ఒక పాత గుడ్డ. అలా మొదలైన ఉద్యోగ జీవితం ముప్పై నాలుగేళ్ల అనంతరం, నలభై ఆరుగురు సిబ్బంది మన్ననలందుకునే ఫోర్‌మన్ హోదాలో, ఈ నెలాఖరున పరిపూర్ణమవుతోంది.

1996లో ఫిట్టరుగా, 2008లో ఫోర్‌మన్‌గా పదోన్నతి పొందిన వీరి కీర్తి అంతా కుడి అరచేతిలో ఉండేది. తిరుగుతున్న యంత్రం బేరింగు మీద ఆ చెయ్యి ఆనించి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "దీనికింకో వారం ఆయుష్షుందండి" అంటే వారమే. చుట్టుపక్కల మిల్లుల వాళ్లు కూడా మోటారు సైకిలు పంపించి మరీ పిలిపించుకునేవారు. స్వతహాగా వినయశీలురే అయినా, ఆ చేతి విషయంలో మాత్రం మేస్త్రిగారికి కాస్త గర్వం ఉండేది. ఉండదా మరి!

2021లో యజమాని శ్రీ మహేంద్ర గారు మిల్లులోని పద్దెనిమిది యంత్రాలకు, వాటి అదురునూ వేడినీ నిరంతరం కొలిచే చిన్న చిన్న పెట్టెలు అమర్పించారు. ఆ కొలతలన్నిటినీ సరిపోల్చి ఏ యంత్రం ఎప్పుడు చెడిపోబోతుందో ముందే చెప్పే కంప్యూటరును చూసుకోవడానికి రాజమండ్రి నుంచి ఇంజనీరు కుమారి హేమశ్రీ వచ్చారు. మేస్త్రిగారు ఆ కంప్యూటరుకు 'జ్యోతిష్కులవారు' అని పేరు పెట్టేశారు. "ఏంటమ్మా, ఈవేళ జ్యోతిష్కులవారు ఎవరికి గండం చెప్పారు?" అని రోజూ పలకరింపు. రోడ్డు మీద లోడు లారీ వెళ్లినా అది హెచ్చరిక మోగించేది కనుక, నవ్వడానికి మనవాళ్లకు కొదవ లేకపోయింది.

అందరికంటే గట్టిగా నవ్విన మేస్త్రిగారి మనసులో మాత్రం నవ్వు లేదు. షుగరు వ్యాధి వల్ల అప్పటికి కొన్నాళ్లుగా వారి వేళ్లకు స్పర్శ సన్నగిల్లుతోంది. ఒకనాటి ఉదయం ధర్మపత్ని పాపాయమ్మ గారు పొయ్యి మీద నుంచి దించిన స్టీలు గ్లాసును వారు తాపీగా పట్టుకుని కూర్చున్నారు. అది కాలుతోందని తెలిసింది చేతికి కాదు, బొబ్బ చూసిన కంటికి. "ఎవరికీ చెప్పకే" అని భార్య దగ్గర మాట తీసుకుని, యథాప్రకారం మిల్లుకు వచ్చి, యథాప్రకారం బేరింగుల మీద చెయ్యి ఆనించారు. ఆ చెయ్యే పోతే తనను ఎవరు లెక్కచేస్తారన్నదే వారి భయం.

2022 ఏప్రిల్‌లో, రెండో పంట దాళ్వా ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరిన రోజుల్లో, బాయిలరు పొగను లాగే పెద్ద ఫ్యాను బేరింగు రెండు రోజుల్లో విరగవచ్చని కంప్యూటరు హెచ్చరించింది. ఫ్యాను ఆపితే ఆవిరి ఆగుతుంది, తొట్లలో నానిన ధాన్యం పులిసిపోతుంది. అందరూ మేస్త్రిగారి వైపు చూశారు. వారు చెయ్యి ఆనించి, "ఏం లేదండి, నడపండి" అన్నారు. యజమాని సరేనన్నారు. ఫ్యానుకు మూడడుగుల దూరంలో నిలబడి, బాయిలరు దగ్గర పనిచేసే గంగయ్య పొయ్యిలోకి ఊక తోయడం మొదలుపెట్టాడు.

మేస్త్రిగారు పది అడుగులు వేసి, ఆగిపోయారు. ఏ బేరింగు పక్కన ఆ మనిషి నిలబడ్డాడో, ఆ బేరింగు గురించి తన చేతికి ఏమీ తెలియలేదని వారికొక్కరికే తెలుసు. వెనక్కి తిరిగి, అందరూ వినేలా అన్నారు: "ఆపేయండి! నా చేతికి స్పర్శ లేదండి. ఏడాదైంది. మీకు చెప్పలేదు, తప్పు నాదే. ఆ పెట్టె చెప్పిందే నమ్మండి."

ఫ్యాను ఆపి విప్పి చూస్తే బేరింగు లోపల గుళ్లను పట్టి ఉంచే పంజరం రెండు చోట్ల చిట్లి ఉంది. కొత్తది బిగించి సాయంత్రానికి నడిపించారు. ఒక తొట్టి ధాన్యం మాత్రం పులిసింది. తలవంచుకుని కూర్చున్న మేస్త్రిగారి దగ్గరకు గంగయ్య వచ్చి, "మీ చెయ్యి పంజెయ్యకపోతే మా చేతులు లేవేంటండీ?" అన్నాడు. అప్పుడు మేస్త్రిగారు ఏడ్చారు. ఈ సంగతి దాచకుండా మన మిల్లు పత్రిక ఈ సంచికలో రాయాలని పట్టుబట్టిందీ వారే.

ఆ మర్నాడు హేమశ్రీ గారు కుర్చీ తెచ్చి కంప్యూటరు ముందు వేశారు. "సార్, ఇది అదురుతోందని చెప్తుందండి, ఎందుకో చెప్పలేదు. అది మీరే చెప్పాలి" అన్నారు. అది మొదలు మూడున్నరేళ్లు, ప్రతి హెచ్చరిక పక్కనా దాని అసలు కారణాన్ని మేస్త్రిగారు చెబుతూ వచ్చారు: రెక్కలకు బూడిద పట్టిందని, బెల్టు వదులైందని, ఇది లారీయే తప్ప రోగం కాదని. జ్యోతిష్కులవారి ఉత్తుత్తి గండాలు క్రమంగా తగ్గాయి. మధ్యలో ఒక దసరాకు మేస్త్రిగారికి భక్తి పొంగి, మోటార్లతో పాటు పెట్టెలకూ పసుపు దట్టంగా పూసి బొట్టు పెట్టారు. వేడిని చూసే కళ్లు మూసుకుపోయి, మూడు రోజులు మిల్లంతా చల్లగా ఉన్నట్టే కంప్యూటరు చెప్పింది. హేమశ్రీ గారు పెట్టిన చీవాట్లను వారు శిరసావహించారు.

మొన్న యజమాని గారు, "ఏదైనా అవసరమైతే కబురు చేస్తాం, రావాలండి" అంటే, మేస్త్రిగారు నవ్వి, "నా అవసరం లేకుండా అన్నీ చెప్పేశానండి. అవసరం లేకపోయినా కలవాలనిపిస్తే మాత్రం మీరే మా ఇంటికి రండి, కాఫీ తాగుదాం" అన్నారు.

వస్తాం మేస్త్రిగారూ. ఏ పనీ లేకుండా, ఏ యంత్రం ఊసూ ఎత్తకుండా, కేవలం మీకోసం వస్తాం. శ్రీమతి పాపాయమ్మ గారి సాహచర్యంలో, వేళకు మందులు వేసుకుంటూ, సంపూర్ణ ఆయురారోగ్యాలతో మీరు నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. అన్నేళ్లూ మీ గుమ్మంలో మా చెప్పులు కనబడుతూనే ఉండాలి.