మహేందర్‌ని ఫైబర్‌తో లాగిన వైనం

"అలారం మోగేదాకా కూర్చునేవాడు ఇంజనీరేంటండీ?" అన్నారు చలపతిరావు గారు, నారాయణప్ప చాయ్ బండి దగ్గరున్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుంటూ.

కోకాపేటలో మా ఆఫీసు గేటు పక్కన, సాయంత్రం షిఫ్టు దిగాక ఇది మామూలే. నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండడం మా పని. ఎక్కడ కనెక్షన్ పోయినా మా తెరల మీద పచ్చచుక్క ఎర్రబడుతుంది, కారణం వెతికి బాగుచేయిస్తాం. చలపతిరావు గారు మా అందరికంటే సీనియర్. ఆయన కోతలకి మేం ఎప్పుడో అలవాటుపడ్డాం. ఆ రోజు కొత్తగా చేరిన అశ్విని కూడా ఉండడంతో ఆయనకి మంచి ఊపొచ్చింది.

"పోయిన వానాకాలం అమ్మా. మధ్యాహ్నం అన్నం తింటున్నా. పింగ్ సంగతి నీకు తెలుసుగా, అవతలి మిషన్‌ని పిలిస్తే అది పలకాలి, ఎంతసేపటికి పలికిందో తెర మీద గీత పడుతుంది. మదీనాగూడ లింకుది ఆ గీత వెంట్రుకంత పైకి లేచింది. అలారం లేదు, ఏం లేదు, అంతా పచ్చగానే ఉంది. నేను మాత్రం బాక్సు మూత పెట్టేశా. 'అక్కడ ఫైబర్ కేబుల్లోకి నీళ్లు దిగాయర్రా' అన్నా. అందరూ నవ్వారు. కాసేపటికి మోగింది చూడు అలారం!"

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు మాతో పనిచేసే భరత్.

"ఆగవోయ్. అసలేమైందో తెలుసా? లింకు వస్తోంది, పోతోంది, వస్తోంది, పోతోంది. పంపిన డేటా ప్యాకెట్లలో సగం దారిలోనే గల్లంతు. దాని మీద ఒక బ్యాంకు, రెండు ఆసుపత్రులు నడుస్తున్నాయి. ఏం చేస్తాం? మొత్తం ట్రాఫిక్‌ని నల్లగండ్లలో మా ఇంటి వైఫై మీదకి తిప్పేశా! సైబరాబాద్ అంతా మా టీవీ పక్కనున్న డబ్బాలోంచి నడిచిందండీ. డబ్బా కాలిపోతుంటే మా ఆవిడ దాని మీద అప్పడాలు కాల్చింది. ఆవిడ సీరియల్ మాత్రం ఒక్క క్షణం ఆగితే ఒట్టు."

"ఆ డబ్బా యాడుందో చెప్పు సామీ, నాకు గ్యాసు ఖర్చన్నా తప్పుతాది," అన్నాడు నారాయణప్ప.

అప్పుడే ఒకమ్మాయి స్కూటీ ఆపి, హెల్మెట్ తీసి మా వెనక నిలబడింది. చాయ్ కోసం అనుకున్నాం.

"ఈలోగా మన మహేందర్ అక్కడికి చేరాడు. ఫీల్డు కుర్రాడమ్మా, తెగిన ఫైబర్ అతికించాలంటే వాడే. హైవే పక్కన రోడ్డంతా ఏరైపోయింది. నడుంలోతు నీళ్లు. ఇక్కడ ఫోన్లో నేను, అక్కడ వాడు. ఉన్నట్టుండి వాణ్ణి నీళ్లు లాగేశాయి! మూతలేని గుంటలోకి పోయాడు. నేనేం చేశానో తెలుసా? మన సర్వర్ గదిలో ఫైబర్ చివర పట్టుకున్నా. రెండో చివర వాడి చేతిలో ఉంది. 'వదలకు మహేందర్!' అని ఒక్క అరుపు అరిచా. ఆ అరుపు ఫైబర్‌లో వెలుతురైపోయి వాడికి చేరింది. నడుముకి చుట్టుకున్నాడు. ఇక ఎనిమిదో అంతస్తు నుంచి లాగడం మొదలెట్టా. నేను లాగుతుంటే గచ్చిబౌలిలో రోడ్డు మడతలు పడింది, బస్సులు పక్కకి జరిగి దారిచ్చాయి. సింగపూర్ నుంచి ఫోనండీ! 'చలపతిరావ్, ఇక్కడ సముద్రం కూడా కదిలిపోతోంది, కాస్త నెమ్మదిగా లాగు' అని!"

అశ్వినికి నవ్వుతో పొలమారింది. "మరి ఆయనేమయ్యాడు సార్?"

"ఏమవుతాడు? చొక్కా అయినా తడవకుండా తేలాడు! ఇప్పుడు సూపర్‌వైజర్. సంబంధాలు కూడా చూస్తున్నారు..."

"మా అన్న తేలలే సార్."

హెల్మెట్ పట్టుకున్న అమ్మాయి. చలపతిరావు గారు వెనక్కి తిరిగి చూశారు.

"నేను శ్రావణిని. మహేందర్ చెల్లెని. కరెంటు డబ్బా నీళ్లల్ల మునిగి, షాక్ కొట్టి అన్న ఆడనే పోయిండు. మీకు తెల్వదా?"

అశ్విని మా మొహాల్లోకి చూసింది. తెలిసిన మేం తలలు దించుకున్నాం. ఈ కథ మేం చాలాసార్లు విన్నాం. విన్న ప్రతిసారీ మహేందర్ ఇంకాస్త క్షేమంగా బయటికొచ్చేవాడు. మొదట ఆయన్ని ఆపబుద్ధి కాలేదు, తర్వాత ఆపడం చేతకాలేదు.

"కొట్లాడనీకి రాలే," అంది శ్రావణి. "ఆఖరుకు అన్నతోని ఫోన్ల మాట్లాడింది మీరేనంట. ఏమన్నడు, భయపడ్డడా అని అమ్మ రోజు అడుగుతది. ఏం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు."

చలపతిరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండడం మేమెప్పుడూ వినలేదు.

"భయపడలేదమ్మా. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పని చేస్తున్నాడు. ఏదో పాట పాడుకుంటున్నాడు. 'అతికించిన సార్, వచ్చిందా చూడుండ్రి' అన్నాడు. చూశా. పచ్చగా ఉంది. 'వచ్చింది మహేందర్' అన్నా. పలకలేదు. వినబడలేదేమోనని 'వచ్చింది, వచ్చింది' అంటూనే ఉన్నా."

శ్రావణి ఆయన కళ్లలోకే చూస్తోంది. "మా అన్న పాడంగ ఇంట్ల ఎవ్వరం ఎన్నడు వినలే. గిది గూడ కోతేనా సార్?"

"కాదమ్మా," అని ఆయన మా వైపు తిరిగారు. ఒక్కరైనా అది నిజమేనని చెప్పాలని ఆశపడ్డారు. ఆయన ఏం చెప్పినా నవ్వడమే గానీ, నమ్మడం మాకెప్పుడూ అలవాటు లేదు. నారాయణప్ప పొయ్యి తగ్గించాడు.

"ఏం పాట పాడిండు? అమ్మ అడుగుతది."

చలపతిరావు గారు నోరు తెరిచారు. ఆయనకి రాని పాట లేదు. ఏదో ఒకటి చెప్పేస్తారని మేం భయపడ్డాం.

"వాన హోరులో తెలీలేదమ్మా," అన్నారు.

అప్పుడు ఏడ్చింది శ్రావణి.