ఆగిన కారు

సోమవారం ఉదయం పదకొండు గంటలకు హన్మకొండ బజారులో, నడిచేవాళ్ల కోసం కొత్తగా పెట్టిన సిగ్నల్ దగ్గర ఒక కారు ఆగింది. వెనక వస్తున్న బైకు దాన్ని గుద్దింది. బైకు నడిపిన భరత్‌కు చెయ్యి విరిగింది. జనం కారు నడిపిన దానియేలును కొట్టారు. మధ్యాహ్నం పోలీస్ స్టేషన్‌లో ఎస్సై యాకయ్య, బట్టల దుకాణం పాండురంగాన్ని ప్రశ్నిస్తున్నాడు; కానిస్టేబుల్ మొగిలి తలుపు దగ్గర ఉన్నాడు.

"నేనొక్కన్నే కొట్టిన్నా సార్? బజారంతా కొట్టింది."

"బజారు పేరు కేసుల రాయరాదు సేటూ. నువ్వెన్ని కొట్టినవ్?"

"ఒక చెంపదెబ్బ. మహా అంటే రెండు."

"చేతితోనా?"

"చేతితోనే."

"షట్టర్ గుంజే ఇనుప రాడ్డు రోడ్డు మీద దొరికింది. మీ దుకాణందేనని మీ గుమాస్తా చెప్పిండు."

"అది చేతిల ఉండె సార్. అప్పుడే షట్టర్ లేపుతాన. చప్పుడైతే ఉరికిన. ఆ పిల్లగాడు భరత్ నెత్తురు కారుకుంట పడి ఉన్నడు. నెత్తురు చూసినంక మనిషికి ఏం యాదికుంటది?"

"తల మీద కొట్టింది యాదికుందా?"

"వాడు నడిరోడ్డు మీద బ్రేక్ ఎందుకు కొట్టాలె సార్? ముందల బండి లేదు, బర్రె లేదు. గాడ ఎవడన్న ఆగుతడా?"

"లైటు ఎర్రగుండె."

"ఉంటది సార్. రోజూ ఎర్రగైతది, పచ్చగైతది. ఎవడు చూస్తాండు?"

"దానియేలు చూసిండు. డోర్నకల్ ఆయన. మీ బజారు రివాజు తెల్వది పాపం."

"గట్లంటే ఎట్ల సార్..."

"ఆ సిగ్నల్ ఎవరు పెట్టిచ్చిన్రు సేటూ?"

"బజారు సంఘం."

"సంఘానికి పెద్ద ఎవరు?"

"గదిప్పుడెందుకు సార్."

"సిగ్నల్ కంబానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది నువ్వే. నేను పక్కనే ఉన్న. నాకూ ఒక చిప్ప ఇచ్చినవ్."

"ముసలోళ్లు దాటలేకపోతాన్రని పెట్టిచ్చినం. మంచికే పెట్టిచ్చినం."

"సరే. కొడుతుంటే నిన్ను ఎవరన్న ఆపిన్రా?"

"ఎవరో ఎనకకెళ్లి చెయ్యి పట్టుకున్నరు. మోచేత్తోని నూకిన."

"ఎవరు?"

"చూడలే సార్. కారోని మనిషే అనుకున్న. జర రాజీ చేయున్రి. దవాఖాన సంగతి సంఘం చూసుకుంటది. నా మీద బజార్ల ఎవరూ సాక్ష్యం చెప్పరు, మీకు తెల్వదా?"

"ఒకామె వచ్చింది. కారు ఆగినప్పుడు తెల్లగీతల మీద దాటుతున్నామె. గంట సంది బయట కూసుంది."

"ఏ ఊరామెనో. ఆమెకేం తెల్సు?"

"ఆగు, ఫోన్ వస్తాంది. ఆ, చెప్పున్రి డాక్టర్ సాబ్. ఎప్పుడు? ఇంటోళ్లకు చెప్పిన్రా? సరే."

"ఏమైంది సార్?"

"లే."

"సార్?"

"కుర్చీలకెళ్లి లే పాండురంగం. దానియేలు చచ్చిపోయిండు. ఇగ ఇది కొట్లాట కేసు కాదు."

"సార్, నేను రెండే..."

"గోడకు నిలబడు. మొగిలీ, బయట ఉన్నామెను తోలుకరా."

"శారదా? నువ్వెందుకొచ్చినవ్ ఈడికి? ఇంటికి పో. సార్, ఈమె నా భార్య. అన్నం తెచ్చినట్టుంది."

"అన్నం తేలే. రోడ్డు మీద ఉన్నది నేనే."

"నువ్వు ఇంట్ల లేవా?"

"మందుల దుకాణానికి వచ్చిన. మనిషి బొమ్మ పచ్చగైందని రోడ్డు దిగిన. కారాయన ఆగి, పో అమ్మా అని చెయ్యి ఊపిండు. అప్పుడే ఎనక బైకు వచ్చి తగిలింది. మీరు రాడ్డు పట్టుకొని ఉరికొచ్చిన్రు."

"శారదా, ఊకో."

"లైటు చూడు అన్నా, లైటు చూడు అనుకుంటనే ఉన్నడు ఆయన. గల్ల పట్టి బయటికి గుంజిన్రు. కిందపడ్డంక కూడా కొట్టిన్రు. మీ చెయ్యి పట్టుకున్నది నేనే. ఈ పెదవి చూడున్రి, పగిలింది."

"నువ్వని నాకేం తెల్సు?"

"నేను కాకుంటే కొట్టొచ్చా?"

"అమ్మా, ఒక్క మాట. నువ్వొచ్చినప్పుడు ఆయన బతికుండె. ఇప్పుడు లేడు. ఇది రాస్తే నీ ఇంటాయనకు యావజ్జీవం పడొచ్చు. వద్దనుకుంటే ఇప్పుడే లేచిపో. నేను నిన్ను బలవంతపెట్ట."

"పో శారదా. రేపు బజార్ల మనం తలెత్తుకొని తిరగాలె. దుకాణం ఉంటదా మనకు?"

"ఎప్పుడు పోయిండు సార్?"

"ఇప్పుడే. ఫోన్ వచ్చింది."

"ఆయన ఆగకుంటే నేను ఆడ్నే పోదును. రాయున్రి."

"పేరు?"

"శారద."

"భర్త పేరు?"

"పాండురంగం."