కాల్ బుక్కులో మూడు సంతకాలు

నా పేరు మాధవీలత. తండ్రి తిరుమలరావు, లోకో షెడ్డులో ఫిట్టరు. వయసు ఇరవై రెండు. ఉండేది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. సోషల్ వర్కు ఎమ్మే రెండో సంవత్సరం చదువుతూ, ఫీల్డ్ వర్కు కింద ఆగస్టు నుంచి ఒక మత్తు మాన్పించే కేంద్రంలో పనిచేస్తున్నాను. హిందీలో మాట తడబడుతోందని తెలుగులోనే చెబుతున్నాను. హెడ్ కానిస్టేబుల్ పైడిరాజు గారు రాసుకుంటున్నారు.

బ్రౌన్ షుగర్ మానేసి ఇంటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ పాత మోతాదు తీసుకుంటే ఒళ్ళు తట్టుకోలేదు, ఊపిరి ఆగిపోతుంది. అందుకని రోజూ వెళ్ళి చూసి రావడం నా పని. మొహం చూడాలి. పెదాల రంగు చూడాలి. గరగరమని గురక వినిపిస్తే లేపాలి, లేవకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆస్పత్రికి కబురు పెట్టాలి. మా కేంద్రం డాక్టరు ఓంకార్ గారు ఇదంతా మొదటి రోజే చెప్పారు.

సంతకం ఆలోచన మాత్రం నాది. డ్యూటీ ఉన్న డ్రైవరును కాల్‌మేన్ ఇంటికెళ్ళి లేపి, లేచినట్టు కాల్ బుక్కులో సంతకం పెట్టించుకుంటాడు. నేను చూసి వచ్చేవాళ్ళ చేత రోజూ సంతకం పెట్టించుకోవడానికి నేనూ అలాంటి బుక్కే పెట్టాను. "ఏటే, కాల్‌మేన్ పన్లో కుదిరిపోనావేటి?" అని నాన్న నవ్వారు. నాకు గర్వంగానే ఉండేది.

14.11.1994 సోమవారం ఉదయం 11.20కి ఉస్లాపూర్‌లో శివాజీ ఉండే అద్దె గదికి వెళ్ళాను. అతను మా కేంద్రంలో చేరి మత్తు మానేసి నలభై రోజులు. తల్లి లక్ష్మీనరసమ్మ గారు తలుపు జానెడు తీశారు. "పడుకున్నాడమ్మా, లేపకు. బుక్కిటియ్యి, నాను పెట్టించి తెత్తాను" అన్నారు. లోపల గురక వినిపించింది. బుక్కు సంతకంతో వచ్చింది. గురక ఆగలేదు. నేను వచ్చేశాను.

మంగళవారం 11.20కి తలుపు జానెడు తీశారు. అగరొత్తుల వాసన వచ్చింది. బుక్కు సంతకంతో వచ్చింది. గురక లేదు. బాగున్నాడనుకున్నాను.

బుధవారం 11.20కి తలుపు జానెడు తీశారు. చెయ్యి వచ్చింది, బుక్కు వెళ్ళింది, బుక్కు వచ్చింది. సిరా తడిగా ఉందని అక్కడే నిలబడి ఊదుతూ చూశాను. సంతకం శివాజీది కాదు. ఎ. సన్యాసిరావు అని ఉంది. ఆయన శివాజీ తండ్రి, గూడ్సు డ్రైవరు. పోయి రెండేళ్ళయింది. పేజీ తిప్పితే మంగళవారమూ సన్యాసిరావే, సోమవారమూ సన్యాసిరావే.

తలుపు తోసి లోపలికి వెళ్ళాను. శివాజీ మంచం మీద ఉన్నాడు. తలకి నూనె రాసి పాపిడి తీసి ఉంది. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. మంచం కింద మూడు టీ గ్లాసులు, మూడూ నిండుగా ఉన్నాయి.

"మా ఇంటాయనకి ఇరవయ్యేళ్ళు నానే పెట్టినాను" అన్నారు ఆమె. "ఓ పది నిమషాలు ఎక్కువ పడుకుంటాడని. నాకొచ్చింది ఆ ఒక్క సంతకమే. ఆయన లేసీవోడు కాదా? సంతకం పడితే లేసినట్టేనమ్మా. ఈడూ లేత్తాడు."

సోమవారం మధ్యాహ్నం పోయి ఉంటాడని పోస్టుమార్టం చేసిన డాక్టరు గారు చెప్పారు. అంటే నేను గుమ్మంలో ఉన్నప్పుడు బతికే ఉన్నాడు. గురకపెడుతున్న మనిషి సంతకం ఎలా పెడతాడని నాకు తట్టలేదు. లోపలికి వెళ్ళి ఉంటే బతికేవాడేమో. ఈ మాట రాయండి, కొట్టేయకండి.

నిన్న గురువారం పొద్దున దహనం అయింది. 11.20కి నేను ఆ గుమ్మం ముందే ఉన్నాను, ఎందుకు వెళ్ళానో తెలియదు. తలుపు జానెడు తెరుచుకుంది. చెయ్యి వచ్చింది. బుక్కు పోలీసుల దగ్గరుందని చెప్పాను. చెయ్యి అలాగే ఉంది.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, ఇందులో అబద్ధం లేదు. నాకు చదువు వచ్చు, సంతకమూ వచ్చు. కానీ పెట్టను. వేలిముద్ర తీసుకోండి.

మాధవీలత, ఎడమ బొటనవేలి ముద్ర
18.11.1994